వణికిన గీత

మా మేడమీద గదిలో ఎన్ని కేబుళ్ళున్నాయో ఆ దేవుడికే తెలియాలి. తనకు తెలుసని మా ఆయన అంటారు గానీ నేను నమ్మను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకుని రిటైరైన మనిషి, ఆ ల్యాబును వదల్లేక మా ఇంటినే ల్యాబు చేసేశారు. తలుపు తీస్తే చాలు, బల్లల మీద నుంచి వెడల్పాటి బూడిదరంగు రిబ్బన్ కేబుళ్ళు వేలాడుతుంటాయి. వాటికి ఒక అంచున ఎర్ర గీత ఉంటుంది. ఆ గీత ఏ వైపు రావాలో, మా అత్తగారు నాకు వంట నేర్పినంత శ్రద్ధగా ఆయన నేర్పారు. వంటలో కొన్ని మర్చిపోయాను గానీ అది మాత్రం మర్చిపోలేదు.

ఆయన పేరు నూకరాజు. నా పేరు కనకం. మాది విశాఖపట్నంలో కంచరపాలెం. ఆదివారం పొద్దున్నయితే మా మేడ మెట్ల కింద చెప్పులు గుట్ట పడతాయి. డాబాగార్డెన్స్‌లో మానిటర్లు బాగుచేసే ముర్తుజా, బ్యాంకులో పనిచేస్తూ పాత కీబోర్డుల కోసం ఊళ్ళన్నీ గాలించే ఝాన్సీ, ఇంకా నాకు పేర్లు తెలియని మరికొందరు వస్తారు. అందరికీ ఒకటే జబ్బు. లోకం పారేసిన కంప్యూటర్ని తెచ్చి బతికించాలి. మా వీధివాళ్ళు వీళ్ళకి పాత పెట్టెల సంఘమని పేరు పెట్టారు. ఫోనులో కూడా వీళ్ళకో గుంపుంది. కర్నూలు నుంచో తణుకు నుంచో ఎవరో ఒకరు లైటు వెలుగుతోంది గానీ తెర మీదికి ఏమీ రావట్లేదని ఫొటో పెడతారు. వెంటనే ఎవరో ఒకరు "ముందు కేబులు మార్చి చూడండి" అని జవాబిస్తారు. నాకు తలనొప్పి అని చెప్పినా ఈయన ముందు నా వెనకాల వైరేదైనా ఊడిందేమో చూస్తారని నేను ఝాన్సీతో అంటుంటాను.

మా ఆయనకి మాత్రం అంతకన్నా పెద్ద సూత్రం ఒకటుంది. ఒక్కోసారి ఒక్క కేబులే పెట్టాలి. అన్నీ ఒకేసారి తగిలిస్తే తప్పు ఎక్కడుందో తెలియదు. మొదటిది బాగుందని తేలాక రెండోది, రెండోది తేలాక మూడోది. పాలిటెక్నిక్‌లో ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకి ఈ మాట చెప్పారో లెక్కలేదు. దారిలో కనిపించిన పాత విద్యార్థులు నమస్కారం పెట్టి, "ఒక్క కేబులే కదా మాష్టారూ" అని నవ్వుతుంటారు. ఆయన మహా మురిసిపోతారు.

గీత వణకడం సంగతి బయటపడింది ఓ వేసవిలో. ఏదో ఆఫీసు పాత కంప్యూటర్లను వేలం వేస్తే ముర్తుజా ఆటో నిండా హార్డ్ డిస్కులు తెచ్చిపడేశాడు. వాటిలో చెరిపేసిన ఫైళ్ళు తిరిగి తీయొచ్చేమోనని ఈయన నా చేగోడీల డబ్బా ఖాళీ చేసి, అందులో ఏవేవో చిప్పులు అతికించి ఒక యంత్రం తయారుచేశారు. చేగోడీలు ఏ గిన్నెలో పోశారో ఇప్పటికీ చెప్పలేదు. ఒక రోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కూర కలపకుండా గోడకేసి చూస్తున్నారు.

"గీత వణుకుతోందే కనకం," అన్నారు.

"ఏ గీతండీ?"

"డిస్కు మీద రాత గుండ్రంగా గీతల్లాగ ఉంటాది కదా. ఆ గీత తిన్నగా లేదు. సన్నగా వణుకుతోంది. నువ్వు బస్సులో కూకుని ఉత్తరం రాస్తే అక్షరాలు ఎలగుంటాయి?"

"కోడి కెలికినట్టుంటాయి."

"ఆ వంకర్లు చూసి రోడ్డు మీద గోతులు ఎక్కడున్నాయో చెప్పగలవా?"

"ఓపికుంటే చెప్పొచ్చు."

"అదే నేను చేస్తన్నాను. డిస్కు రాసుకుంటున్నప్పుడు గదిలో ఎవరైనా మాటాడితే ఆ చప్పుడికి డిస్కు ఇసుమంత అదురుతాది. ఆ అదురు గీతలో ఉండిపోతాది. కంప్యూటరు అక్షరాలే చదువుతాది, వణుకుని పట్టించుకోదు. నా డబ్బా అక్షరాలు వదిలీసి వణుకునే చదువుతాది."

నా డబ్బా అని నేను సరిదిద్దాను. ఆయన వినిపించుకోలేదు.

ఆ ఆదివారం అందరూ చేరాక స్పీకరు పెట్టారు. ముందు చాలాసేపు ఇసుక జల్లెడ పట్టినట్టు చప్పుడు. తర్వాత పాత ఫ్యాను తిరిగే కిర్రు. ఆ కిర్రులోంచి ఎవరో మగమనిషి గొంతు, "రాంబాబూ, రెండు టీ చెప్పు. ఒకదాన్లో పంచదార వెయ్యొద్దను" అంది. అంతే. మళ్ళీ ఇసుక. గదిలో ఎవరూ కదల్లేదు. ఆ మనిషి ఎవరో, ఉన్నాడో పోయాడో మాకెవరికీ తెలియదు. ముర్తుజానే కాసేపటికి, "పాపం షుగరున్నట్టుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం భయమేసింది. పిలవని మనిషి మా గదిలోకి వచ్చి, ఎవర్నో పేరుపెట్టి పిలిచి వెళ్ళిపోయినట్టనిపించింది.

విన్న ప్రతిసారీ ఆ వణుకు కొంచెం చదునైపోతుందని కూడా త్వరలోనే తెలిసింది. డబ్బా దాన్ని చదవాలంటే తడమాలి, తడిమితే అరుగుతుంది. అయినా ఒక్కో డిస్కూ పదిపన్నెండు సార్లు వినిపించేది. ఈలోపు రికార్డు చేసేసుకుంటే సరిపోయేది. అందుకని ఎవరూ దాని గురించి పెద్దగా దిగులు పడలేదు.

ఊళ్ళో సంగతి పాకింది. జనం సంచుల్లో డిస్కులు పట్టుకుని రావడం మొదలైంది. భీమిలి నుంచి అన్నదమ్ములిద్దరు వచ్చారు. పోయిన తండ్రి కొట్టులో వాడిన కంప్యూటరట. వాళ్ళ నాన్న గొంతు దొరికింది. ఆయన గుమాస్తాతో, "చిన్నోడి చేతికి కొట్టిస్తే ఏడాదిలో మూసీస్తాడు" అంటున్నాడు. వచ్చేటప్పుడు ఒకే బండి మీద వచ్చిన అన్నదమ్ములు వెళ్ళేటప్పుడు వేరువేరుగా వెళ్ళారు. ఆ రోజే ఈ పని మానెయ్యమని నేను ఆయనతో అన్నాను. పోయినవాళ్ళని పోనివ్వాలి గానీ మళ్ళీ నోరు తెరిపించడం దేనికని పోట్లాడాను. నేనూ గట్టిగానే అన్నాను, ఆయనా గట్టిగానే విన్నారు. మానేద్దామనే అనుకున్నారు కూడా. అప్పుడే యామిని వచ్చింది.

సన్నగా, చామనఛాయలో, కళ్ళజోడు పెట్టుకున్న పిల్ల. ఏదో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తోంది. డ్యూటీ నుంచి అటే వచ్చినట్టుంది, స్పిరిటు వాసన వస్తోంది. మంచినీళ్ళిస్తే గడగడా తాగి, గ్లాసు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మాష్టారూ, మా అమ్మ గొంతు ఎలగుంటాదో నాకు తెలీదండి," అంది.

వాళ్ళమ్మ పేరు సుగుణ. గాజువాకలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో తెలుగు టైపు చేసేది. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు అన్నీ ఆవిడ చేతిమీదే అయ్యేవట. యామినికి ఏడాది నిండకుండానే మెదడువాపు జ్వరంతో పోయింది. పిల్లని మేనత్త పెంచింది.

"పెళ్ళి వీడియో ఉంది కదా అంటారండీ అందరూ. ఉంది. అందులో అంతా సినిమా పాటలే పెట్టీసేరు. అమ్మ నోరు కదుపుతాది, పాట వినిపిస్తాది. గొంతెలగుండేదని మా అత్తని అడిగితే బాగుండేదమ్మా అంటాది. పెద్దమ్మనడిగితే కొంచెం పెద్ద గొంతే అంటాది. నాన్ననడిగేను. చాలాసేపు ఆలోచించి, గుర్తు రావట్లేదమ్మా అని ఏడ్చీసేడండి. మరింక ఆయన్ని అడగలేదు."

ఆ ప్రెస్ వాళ్ళు పాత కంప్యూటర్ని అటకెక్కించి ఉంచారట. వాళ్ళని బతిమాలి దాన్ని దింపించి, లోపలి డిస్కు ఊడదీయించి, తువ్వాల్లో చుట్టి తెచ్చింది. సంచిలోంచి తీసి రెండు చేతులతో ఆయనకి అందించింది. మానేద్దామని నాతో అన్న మాట గుర్తొచ్చి ఆయన నావైపు చూశారు. నేను తల తిప్పుకున్నాను. ఆ పిల్లకి కాదని చెప్పే ధైర్యం నాకు మాత్రం ఉందా?

సుగుణ పోయాక ఆ కంప్యూటర్ని చాలా ఏళ్ళు వాడారు. ఆవిడ రాసిన వాటి మీద వేరేవాళ్ళ రాతలు పడిపోయాయి. ఆయన రోజుల తరబడి వెతగ్గా ఆవిడ కాలంనాటి ఫైలు ఒకే ఒక్కటి ఎవరూ ముట్టుకోకుండా మిగిలి ఉంది. ఎవరిదో గృహప్రవేశం కార్డు. పేర్లు, ముహూర్తం, విందు అన్నీ ఉన్నాయి. ఆ కార్డు దాచుకున్న గీత కూడా వణికే ఉంటుందని ఆయన నమ్మకం. ఆదివారం రమ్మని యామినికి ఫోన్ చేశారు. గుంపులో సలహాలు వెల్లువెత్తాయి. ఫ్యాను ఆపండన్నారు, ఫ్రిజ్ కూడా ఆపండన్నారు, కేబులు పొట్టిది వాడండి, పొడుగైతే రొద పెరుగుతుందన్నారు. కర్నూలు నుంచి ఒకాయన కొత్త కేబులు కొరియర్లో పంపించాడు. ముక్కూ మొహం తెలియని ఆడపిల్ల కోసం వీళ్ళందరూ అంత తాపత్రయపడుతుంటే, వీళ్ళని నేను ఇన్నాళ్ళూ ఆటపట్టించినందుకు కొంచెం సిగ్గేసింది.

శనివారం పొద్దున్న నేను మజ్జిగ తీసుకుని మేడెక్కాను. ఆయన చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని బల్ల ముందు కూర్చున్నారు. నన్ను చూసి చెయ్యెత్తి ఆగమన్నారు. నేను గుమ్మంలోనే ఆగాను. ఆయన ముఖంలో చిన్న నవ్వు మొదలైంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రెండూ కలిసి ఆయన ముఖంలో కనిపించడం మా పెళ్ళయ్యాక రెండోసారో మూడోసారో.

"ఉందే కనకం. ఉంది. ఆవిడే," అన్నారు. "మళ్ళీ పెడతాను, నువ్వూ విను."

హెడ్‌ఫోన్ నా చెవులకి పెట్టి మీట నొక్కారు. ఇసుక చప్పుడు వినిపించింది. చాలాసేపు విన్నాను. "ఏమీ లేదండీ" అన్నాను. ఆయన లాక్కుని తన చెవులకి పెట్టుకున్నారు. మళ్ళీ నొక్కారు. ఇంకోసారి నొక్కారు. ఆయన ముఖం పాలిపోయింది.

"రికార్డయింది కదా?" అన్నాను. బల్ల చివర చూస్తే రికార్డరు కేబులు చుట్ట చుట్టి, రబ్బరు బ్యాండు కూడా తీయకుండా అలాగే ఉంది.

ముందు డిస్కు కేబులు, అది బాగుందని తేలాక హెడ్‌ఫోన్, అదీ తేలాక రికార్డరు. ఆయన ఎప్పటిలాగే ఒక్కోసారి ఒక్కటే పెట్టారు. ఇది పరీక్ష మాత్రమే. రేపు ఆ పిల్ల ముందు ఏదీ తప్పు జరగకూడదని చేసిన పరీక్ష. ఇన్నేళ్ళుగా అటక మీద సముద్రపు గాలి తిన్న డిస్కు అది. పైన పూత పట్టు వదిలేసి ఉంది. డబ్బా తడమగానే ఆ వణుకు కాస్తా మొదటిసారికే చెరిగిపోయింది. జాగ్రత్త లేక కాదు, జాగ్రత్త ఎక్కువై పోయింది.

ముర్తుజాకి కబురు పెడితే కొట్టు మూసేసి పరిగెత్తుకొచ్చాడు. అంతా విని, "ముందు కేబులు మార్చి చూద్దాం మాష్టారూ" అన్నాడు. మార్చారు. కర్నూలు కేబులు పెట్టారు. ఝాన్సీ ఒకటి తెచ్చింది. అదీ పెట్టారు. దానివల్ల ఏమీ కాదని ముగ్గురికీ తెలుసు. అయినా సాయంత్రం దాకా ఒకటి తీసి ఇంకొకటి పెడుతూనే ఉన్నారు. వాళ్ళకి చేతనైంది అదొక్కటే. నేను నవ్వలేదు.

వాళ్ళు వెళ్ళాక ఆయన పక్కన కూర్చున్నాను.

"డిస్కు ఖాళీగా ఉందని చెప్పీండి," అన్నాను. "ఏటీ దొరకలేదని చెప్పీండి. ఏడుస్తాది, ఊరుకుంటాది. మీరు విన్నారని తెలిస్తే ఆ పిల్ల తట్టుకోలేదు."

"ఖాళీ అంటే ఇంకో డిస్కు కోసం వెతుకుతాదే. ఏ అటక మీదైనా ఇంకోటి ఉండకపోతాదా అని జీవితమంతా వెతుకుతాది. లేదని నాకు తెలుసు కదా."

"మరి మీ సంగతి?"

"నాదేముంది," అన్నారు. డిస్కుని మళ్ళీ తువ్వాల్లో చుట్టారు.

ఆదివారం యామిని కొత్త చీర కట్టుకుని వచ్చింది. తల్లో కనకాంబరాలు పెట్టుకుంది. అమ్మ దగ్గరికి వెళుతున్నట్టే తయారై వచ్చిందని చూడగానే తెలిసింది. సంఘంవాళ్ళెవరినీ రావద్దని చెప్పాం. ఆయన కూర్చోమనలేదు, తనూ కూర్చోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పేశారు. ఆయన ఒక్కసారి విన్నారని, అదే మొదలూ చివరా అని చెప్పారు.

ఆ పిల్ల, "ఏమందండీ?" అని అడిగింది.

"ఫోనులో మాటాడుతోందమ్మా. ఇంటి పక్కనోళ్ళ ఫోను అనుకుంటాను, అవతల పసిపిల్ల ఏడుపు లీలగా వినిపించింది. ఫోను నీ చెవి దగ్గర పెట్టినట్టున్నారు. నీతోనే అంది."

"ఏమంది?"

"ఏడవకే తల్లీ. ఇదొక్కటీ సేవ్ చేసీసి వచ్చీస్తన్నాను కదా."

ఆయన గొంతు బొంగురుది. ఏళ్ళ తరబడి క్లాసులో అరిచి అరిచి అలా అయింది. ఆ గొంతులోంచి ఆ మాటలు వచ్చాయి. యామిని ఆయన్ని అలాగే చూస్తూ ఉండిపోయింది.

"మీరెందుకు విన్నారు మాష్టారూ?" అంది చివరికి. "ఆ మాట నాకు కదా చెప్పింది."

ఆ పిల్ల చెప్పులు వేసుకుని గేటు తీసుకుని వెళ్ళిపోయింది. డిస్కు మా దగ్గరే వదిలేసింది.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఆయన మేడెక్కడం మానేశారు. ఆదివారాలు మెట్ల కింద చెప్పులు కనిపించేవి కావు. కర్నూలాయన గుంపులో ఏదో అడిగితే ముర్తుజా, "మాష్టారికి కొన్నాళ్ళు విశ్రాంతినిద్దాం" అని పెట్టాడు. ఒకరోజు స్నానాల గదిలోంచి గొణుగుడు వినిపిస్తే ఎవరితో మాట్లాడుతున్నారోనని తలుపు దగ్గర చెవి పెట్టాను. "ఏడవకే తల్లీ. ఇదొక్కటీ సేవ్ చేసీసి" అంటున్నారు. నీళ్ళు పోసుకుంటున్నారు, మళ్ళీ అంటున్నారు. బజారుకెళుతూ దారిలో పెదాలు కదుపుతున్నారు. అడిగితే, "మర్చిపోతే ఇంకెవరికీ ఉండదే" అన్నారు. కూరలో ఉప్పెక్కువైనా తెలియడం లేదు. నిద్రలో కూడా అదే ధ్యాస. నేను ఆ సుగుణ మీద కోపం తెచ్చుకున్నాను. పోయిన మనిషి మీద, అదీ ఏ పాపమూ తెలియని మనిషి మీద కోపం తెచ్చుకున్నానని తర్వాత నాకే సిగ్గేసింది.

వానాకాలం వెళ్ళాక యామిని మళ్ళీ వచ్చింది. ఈసారి డ్యూటీ బట్టల్లోనే వచ్చింది.

"ఆ వేళ అలగనీసేను. మనసులో పెట్టుకోకండి మాష్టారూ," అంది. "ఇంకొక్కసారి చెప్తారా?"

ఆయన చెప్పారు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని వింది. ఇంకోసారి అడిగింది. ఆయన మళ్ళీ చెప్పారు. టీ తాగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వీలైన ఆదివారమల్లా రావడం మొదలుపెట్టింది. వచ్చి, ఆయన్ని మేడమీద గదికి తీసుకెళ్ళి కూర్చునేది, ఆ మాట చెప్పించుకునేది. మధ్యలో అడిగేది. వేగంగా అందా, మెల్లగా అందా? నవ్వుతూ అందా? కీబోర్డు చప్పుడు వినిపించిందా? ఆయన పరీక్ష రాస్తున్న కుర్రాడిలా ఆలోచించి ఆలోచించి జవాబు చెప్పేవారు. పనిలో ఉన్న మనిషి తొందర ఉందని, తల్లీ అన్న దగ్గర మాత్రం నవ్వు ఆపుకున్నట్టుందని చెప్పారు. పెద్ద గొంతు కాదు, సన్నదీ కాదు. జలుబు చేసి తగ్గినట్టు కొంచెం జీర ఉందని చెప్పారు.

ఒకరోజు ఆ పిల్ల నావైపు తిరిగింది.

"పిన్నిగారూ, మీరనండి," అంది. "మాష్టారి గొంతులో వింటుంటే మగమనిషే కనిపిస్తన్నాడండి. ఎంత కళ్ళు మూసుకున్నా అమ్మ రావట్లేదు. మీరంటే, ఎలగనాలో మాష్టారు చెప్తారు."

నావల్ల కాదన్నాను. నేనేమైనా నాటకాలాడే మనిషినా అన్నాను. ఆయన నావైపు చూసిన చూపులో బతిమాలుకోవడం కనిపించింది. చివరికి కూర్చున్నాను. యామిని చేతిలో ఫోను ఉంది. రికార్డు చేస్తుందనుకున్నాను. కానీ సంచిలో పెట్టేసింది.

"రికార్డు చేస్తే అది మీ గొంతైపోతాది పిన్నిగారూ," అంది.

అన్నాను. పాఠం అప్పచెప్పినట్టు వచ్చింది.

"కొంచెం తొందరగా," అన్నారు ఆయన. "ఆవిడ చెయ్యి పని మీదుంది."

మళ్ళీ అన్నాను.

"గొంతు కొంచెం పైకి. అరుపు కాదు. ఆఁ, అంత కాదు."

మళ్ళీ అన్నాను. తల్లీ అన్న దగ్గర నవ్వొద్దన్నారు, నవ్వు రావాలి గానీ నవ్వకూడదన్నారు. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడిపోయేది. ఎన్నిసార్లన్నానో నాకే తెలియదు. ఆ పిల్ల ఎదురుగా మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుని, ప్రతిసారీ ఆశగా ఆయన ముఖంలోకి చూసేది. ఆయన ప్రతిసారీ తల అడ్డంగా ఊపేవారు. నాకు విసుగూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంతలో కింద కుక్కరు కూత మొదలైంది. పప్పు పెట్టి వచ్చిన సంగతే మర్చిపోయాను. అడుగంటిపోతుందని గబుక్కున లేచాను. లేస్తూ, మెట్లకేసి చూస్తూ, ఆ పిల్ల తలమీద చెయ్యి వేసి, "ఏడవకే తల్లీ. ఇదొక్కటీ సేవ్ చేసీసి వచ్చీస్తన్నాను కదా" అన్నాను.

ఆయన తల ఊపలేదు. కుర్చీలో బిగుసుకుపోయారు.

"అదే," అన్నారు.

యామిని ఆయన ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఏం కనిపించిందో గానీ రెండు చేతులతో నోరు మూసుకుంది. తర్వాత భోరున ఏడ్చింది. ఏళ్ళ తరబడి దాచుకున్న ఏడుపంతా ఒక్కసారి బయటికొచ్చింది. నేను పప్పు సంగతి వదిలేసి దగ్గరికి తీసుకున్నాను. నా భుజం మీద తల పెట్టుకుని, "వచ్చీసింది పిన్నిగారూ, వచ్చీసింది" అంటూనే ఉంది. ఇంకోసారి అనమని అడిగితే ఏం చెయ్యాలా అని భయపడ్డాను. ఎలా అన్నానో నాకే తెలియదు. కానీ ఆ పిల్ల అడగలేదు. ముఖం కడుక్కుంది, మాడిన పప్పుతోనే మాతో కలిసి అన్నం తింది. వెళ్ళేటప్పుడు వద్దంటున్నా వినకుండా మా ఇద్దరి కాళ్ళకీ దండం పెట్టింది. వీధి మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూసి చెయ్యూపింది. ఆ పిల్ల అంత తేలిగ్గా నడవడం నేను అంతకు ముందు చూడలేదు.

నేను మళ్ళీ మేడెక్కేసరికి ఆయన వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చుని ఉన్నారు.

"నిజంగా అదేనా? ఆ పిల్ల కోసం అన్నారా?" అని అడిగాను.

"ఆ నిమిషంలో అదే," అన్నారు. "ఆవిడే అన్నట్టుంది. అబద్ధం చెప్పలేదే."

"మరి అలాగున్నారేటి?"

ఆయన కళ్ళు మూసుకున్నారు. దేనికోసమో చెవి రిక్కించినట్టు కాసేపు అలాగే ఉన్నారు. తర్వాత కళ్ళు తెరిచారు.

"ఇప్పుడు తలుచుకుంటంటే నీ గొంతే వస్తందే కనకం. పొద్దున్న దాకా ఉంది ఆవిడది. ఇప్పుడు ఎంత తలుచుకున్నా నీదే వస్తంది. ఆవిడది రావట్లేదు."

ఏదో అనబోయాను. ఆయన ఇంకా వినడానికి ప్రయత్నిస్తున్నారని ముఖం చూస్తే తెలిసింది. అనబోయిన మాట మింగేశాను. ఆ సాయంత్రమంతా నేను నోరు విప్పలేదు. పాలవాడొస్తే చేత్తోనే సైగ చేశాను. చీకటి పడ్డాక అన్నానికి పిలవడానికి కూడా మేడ మెట్ల దగ్గర నిలబడి, కంచం మీద గరిటెతో తట్టాను.